కూర్చుని చేసే పని, పెరిగే నడుము

(ప్రసంగ పాఠం)



గుజరాతీ భాషలో ఒక సామెత ఉన్నది. భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, ప్రాణం విడిస్తే కాశీలో విడవాలి అని దాని భావం. తపతీ నదీ తీరాన గల ఆ నగరంలో తిండికి లభించే గౌరవం అంతటిది. శనగపప్పు పిండిని ఆవిరిపై ఉడికించి, నూనె పోసి, కారం, సేవ్ చల్లి ఇచ్చే లోచో. శీతకాలంలో లేత జొన్న కంకులను కాల్చి రాల్చిన పోంక్. శరత్పూర్ణిమ మరునాడు ఊరంతా పంచుకునే, కోవా, నెయ్యి, చక్కెర దట్టించిన ఘారీ. ఈ జాబితా ఇంతటితో ముగియదు. ఆ సామెత పుట్టిన కాలంలో ఈ వంటకాలను ఆరగించినవారిలో రేవులో బరువులు మోసినవారు, పొలం దున్నినవారు, మగ్గం తొక్కినవారు ఎందరో ఉండి ఉంటారు. నేడు అవే వంటకాలను తినే సూరత్ నివాసులలో చాలామంది ఉదయం కుర్చీలో కూర్చుని సాయంత్రం లేచేవారు. సామెత మారలేదు, వంటకం మారలేదు. మారినది పని.

ఈ మార్పు ఎంత లోతైనదో తెలియాలంటే సూరత్ వజ్రాల కార్ఖానాలను గమనించాలి. ప్రపంచంలో సాన పట్టే వజ్రాలలో అత్యధిక భాగం ఈ నగరం చేతుల మీదుగా వెళ్తుంది. సాన చక్రం అమర్చిన బల్లను అక్కడివారు ‘ఘంటి’ అంటారు. దాని చుట్టూ సాధారణంగా నలుగురు కూర్చుంటారు. రత్నకళాకారులని పిలువబడే ఈ పనివారు తల వంచి, భూతద్దం కంటికి ఆనించి, ఆవగింజంత రాయికి ముఖాలు చెక్కుతారు. చేతివేళ్లు, కళ్లు తప్ప శరీరంలో మరేదీ కదలదు. ఇది పాత పని. దీనికి తోడుగా గత కొన్ని దశాబ్దాలలో కొత్త పని వచ్చినది. ఇజ్రాయెల్ వంటి దేశాలలో తయారైన యంత్రాలు ముడి రాయిని లోపలి పగుళ్లతో, మచ్చలతో సహా చిత్రించి కంప్యూటర్ తెర మీద నిలుపుతాయి. ఏ రాయిని ఏ కోణంలో కోస్తే ఎక్కువ విలువ దక్కుతుందో తెర ముందు కూర్చున్న యువకుడు నిర్ణయిస్తాడు. చీరల మీది ఎంబ్రాయిడరీ నమూనాలను గీసేవారిదీ అదే భంగిమ. 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్ భవనం తొమ్మిది గోపురాలతో, ఒక్కొక్కటి పదిహేను అంతస్తులతో, నాలుగు వేలకు పైగా కార్యాలయాలతో నిర్మితమైనది. అందులో 131 లిఫ్టులు ఉన్నాయని పత్రికలు ఘనంగా వ్రాశాయి. మెట్ల సంఖ్య మాత్రం ఎవరూ వ్రాసినట్లు కనబడదు.

సూరత్‌తో తెలుగువారికి గల సంబంధం కూడా ఈ సందర్భంలో స్మరించదగినది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు జీవనోపాధికై వలస వెళ్లి, లింబాయత్ తదితర ప్రాంతాలలో స్థిరపడి, మరమగ్గాల పరిశ్రమకు వెన్నెముకగా నిలిచాయి. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే ఆ వలస ఎంతటిదో ఊహించవచ్చు. ఇటువంటి కుటుంబంలో మూడు తరాలను వరుసగా నిలబెట్టి చూస్తే పని స్వరూపం తేటతెల్లమవుతుంది. తాత తెలంగాణ పల్లెలో గుంత మగ్గంలో కూర్చున్నాడు. కూర్చోవడమంటే కూర్చోవడమే గాని, కాళ్లు తొక్కుతూ, చేతులు నాడె విసురుతూ ఉండేవి. తండ్రి సూరత్ చేరి, అనేక మరమగ్గాల నడుమ ఇటు నుండి అటు తిరుగుతూ తెగిన పోగులు ముడివేశాడు. మనుమడు చదువుకుని నమూనాల గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కుటుంబం దీనిని ఉన్నతిగా భావిస్తుంది. భావించడం న్యాయమే. మరమగ్గాల హోరు చెవులను దెబ్బ తీస్తుంది, గంటల తరబడి నిలబడితే కాళ్లలో నరాలు ఉబ్బుతాయి. ఆ కష్టానికి తిరిగి వెళ్లమని ఎవరూ సలహా ఇవ్వరు. కాని తాత తిన్న అన్నపు ముద్దే మనుమడి కంచంలోనూ ఉన్నది, పైన ఘారీ చేరినది.

పని తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గాలి కదా, అప్పుడు లావెక్కే ప్రసక్తి ఎక్కడిదన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం మన దేశంలోనే, ఒక జనపనార మిల్లులో దొరికినది. ఫ్రాన్సులో జన్మించి అమెరికాలో స్థిరపడిన పోషకాహార శాస్త్రజ్ఞుడు జాన్ మేయర్, ఆయన సహచరులు పశ్చిమ బెంగాల్‌లోని ఒక మిల్లులో 213 మంది పురుషుల తిండిని, బరువును, పనిని కొలిచి 1956లో ఫలితాలు ప్రకటించారు. బరువులు మోసేవారు, కమ్మరులు అధికంగా తిన్నారు. తేలికపాటి పనివారు అంతకంటె తక్కువ తిన్నారు. ఇంతవరకు వింత లేదు. అంతకంటె తక్కువ శ్రమించేవారు, అనగా దినమంతా దుకాణంలో కూర్చునే వర్తకులు, ఇంకా తక్కువ తినవలసి ఉండగా, మళ్లీ ఎక్కువ తిన్నారు. అందరిలోకి బరువైనవారు కూడా వారే. శ్రమ ఒక హద్దు వరకు తగ్గితే ఆకలి దానిని అనుసరిస్తుంది. ఆ హద్దు దాటి క్రిందికి జారితే ఆకలికి దారి తెలియదు. ఒక మిల్లులో కొద్దిమందిపై జరిగిన పరిశీలన గనుక దీనిని తిరుగులేని సూత్రంగా గ్రహించరాదు. అయినా కూర్చుని పనిచేసే వ్యక్తిని తిండిపోతు అని నిందించే ముందు దీనిని గుర్తుంచుకోవడం మంచిది. అతడి ఆకలి అబద్ధం చెబుతున్నది, అతడు కాదు.

లండన్ నగరంలో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు మరొక కోణం నుండి ఈ విషయాన్ని పరిశీలించాడు. అక్కడి రెండంతస్తుల బస్సులలో డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు దినానికి కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బులు డ్రైవర్లలో అధికమని 1953లో మోరిస్ బృందం వెల్లడించింది. మూడేళ్ల తరువాత వారు చేసిన పని మరింత రసవత్తరమైనది. సంస్థ కుట్టించి ఇచ్చే పంట్లాముల కొలతల పట్టికలు తిరగవేసి చూడగా, డ్రైవర్ల నడుము కండక్టర్ల నడుము కంటె పెద్దదని తేలినది. ఉద్యోగంలో చేరినప్పుడే ఆ తేడా కొంత ఉన్నదని కూడా వారు దాచలేదు. స్థూలకాయులు డ్రైవరు ఉద్యోగాన్నే ఎంచుకుని ఉండవచ్చు గదా! దర్జీ పట్టికలోనూ సత్యం ఇంత చిక్కుముడిగా ఉంటుంది.

ఇక లెక్క చూద్దాం. అరవై కిలోల మనిషి కదలక కూర్చుంటే గంటకు ఇంచుమించు డెబ్బై, ఎనభై కేలరీలు ఖర్చవుతాయి. ఒక మోస్తరు వేగంతో నడిస్తే సుమారు రెండు వందలు. కిలో కొవ్వులో నిక్షిప్తమై ఉండేది సుమారు 7,700 కేలరీలు. దినానికి వంద కేలరీలు, అనగా చిన్న మిఠాయి ముక్క, అదనంగా చేరితే సంవత్సరానికి నాలుగున్నర కిలోలకు పైగా పెరగాలని కాగితం మీది లెక్క. వాస్తవంలో అంత పెరగదు. బరువు పెరిగిన దేహం కదలడానికి తానే ఎక్కువ ఖర్చు చేస్తుంది. అయినా ముప్పయి ఏళ్లకు బిగిసిన చొక్కా నలభై ఏళ్లకు పనికిరాకుండా పోవడానికి మహాపరాధమేదీ అవసరం లేదని దీనివల్ల తెలుస్తుంది.

భారతీయుల విషయంలో త్రాసు ఒక్కటే చాలదు. చూపులకు సన్నగా ఉన్నా పొట్ట చుట్టూ కొవ్వు చేరడం మనవారి లక్షణం. అందుచేతనే మన వైద్యులు నడుము కొలతకు ప్రాధాన్యమిస్తారు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే ప్రకారం దేశంలో మధుమేహం కలవారు పది కోట్లకు పైగా ఉన్నారు. కనుక ఇది అందచందాలకు సంబంధించిన ముచ్చట కాదు.

సాయంత్రం ఒక గంట వ్యాయామం చేస్తే సరిపోతుందా? పది లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను కలిపి చూసిన 2016 నాటి ఒక విశ్లేషణ ప్రకారం, దినానికి ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారిలో పెరిగే మరణ ప్రమాదం, అరవై నుండి డెబ్బై అయిదు నిమిషాల పాటు చురుకుగా నడిచేవారిలో దాదాపు కనబడలేదు. ఇది శుభవార్తే. కాని పది, పన్నెండు గంటలు పనిచేసి ఇల్లు చేరేవాడికి ఆ గంట ఎక్కడిది? ఈ చిక్కుకు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల 2012 నాటి చిన్న ప్రయోగం కొంత దారి చూపుతుంది. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి రెండు నిమిషాలు నడిచినంత మాత్రాన, ఏకధాటిగా కూర్చున్న నాటితో పోలిస్తే భోజనానంతర రక్తశర్కర పెరుగుదల సుమారు నాలుగో వంతు తగ్గినది. దీనివల్ల బరువు తగ్గుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు. దేహం లోపలి వ్యవహారం సరిపడుతుందని మాత్రం చెప్పినది.

రెండు నిమిషాలేనా అని తేలికగా అనిపించవచ్చు. అసలు సమస్య అక్కడే ఉన్నది. వజ్రాల కార్ఖానాలలో చాలామందికి రాయి లెక్కన కూలి. లేచిన ప్రతి రెండు నిమిషాలూ అతడి సంపాదనలో నుండి పోతాయి. గంటకు మూడుసార్లు, దినానికి ముప్పయిసార్లు లేస్తే ఒక గంట కూలి తగ్గుతుంది. పిల్లల బడి రుసుము, అద్దె తలచుకుని అతడు లేవడు. అతడికి బద్ధకమని ఉపన్యాసమివ్వడం కంటె సిగ్గుమాలిన పని లేదు. మంచినీటి కుండను చేతికందే చోటు నుండి గది చివరకు జరపడం, మధ్యాహ్నం టీ బల్ల వద్దకు రాకుండా పనివారే టీ వద్దకు వెళ్లే ఏర్పాటు, ఆ విరామానికి కూలి కోత పడకపోవడం యజమాని చేతిలోని విషయాలు.

పని తీరును మార్చితే మనిషి కదులుతాడనడానికి సూరత్ చరిత్రలోనే ఒక నిదర్శనమున్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు ఆ నగరం విడిచిపోయారు. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి అధికారాలు పంచారు. అధికారులు ఉదయం పూట చల్లని గదులలో కూర్చోరాదని, వీధులలో తిరిగి చెత్తను, మురుగు కాల్వలను స్వయంగా చూడాలని నియమం పెట్టారు. గదిలోని ఏ.సి. నుండి వీధిలోని డి.సి.కి, అనగా దైనందిన విధులకు, రావాలన్న చమత్కారం ఆ రోజులలో ప్రసిద్ధికెక్కినది. రెండేళ్లు తిరగకముందే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాలలో రెండవదిగా పేరు తెచ్చుకున్నది. ఆ నియమం ఉద్దేశం నగర పారిశుధ్యమే గాని అధికారుల నడుము కాదు. అయినా వారికి నడక ప్రత్యేకంగా కేటాయించవలసిన గంట కాలేదు. అది ఉద్యోగంలో భాగమైనది, జీతంలో లెక్కకు వచ్చినది.

దీపావళి సందర్భంగా సూరత్ వజ్రాల కార్ఖానాలు సుమారు మూడు వారాల పాటు మూతపడతాయి. సౌరాష్ట్ర నుండి వచ్చిన రత్నకళాకారులు బస్సులెక్కి స్వగ్రామాలకు వెళ్తారు. అక్కడ కొందరికి పొలం ఉన్నది, బంధువుల ఇళ్లకు నడిచి వెళ్లే అలవాటున్నది. సెలవులు ముగియగానే అవే బస్సులలో తిరిగి వస్తారు. ఘంటి చుట్టూ మళ్లీ నలుగురు కూర్చుంటారు. ప్రక్క గదిలో కంప్యూటర్ తెర వెలుగుతుంది. నీటి కుండ ఎక్కడ పెట్టాలో ఆ ఉదయమే ఎవరో ఒకరు నిర్ణయిస్తారు.