ట్రాక్టరు సీటు ఎవరి కొలత?

(వ్యవసాయ యంత్రాలు, స్త్రీల శ్రమ అన్న అంశంపై కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవాళ్ళు భూమి పట్టాల గురించీ, కూలి రేట్లలో తేడాల గురించీ చెప్పారు. నేను వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపించే విషయం తీసుకొచ్చాను. ట్రాక్టరు సీటు. చిన్న ట్రాక్టరు మీద సీటును బాగుచేసుకోవటం, అవసరమైతే మార్చుకోవటం. హక్కుల గురించి మాట్లాడుకునేచోట సీటు సంగతేమిటని కొందరికి నవ్వు రావచ్చు. కానీ కష్టపడి నేర్చుకున్న పనిని ఆ సీటు వల్లే వదులుకున్న స్త్రీలను నేను చూశాను.

పత్తి చాళ్ళ మధ్య అంతరకృషికీ, తోటల్లో దుక్కికీ పదిహేను నుంచి పాతిక హార్స్‌పవరు ఉన్న చిన్న ట్రాక్టర్లు అనువుగా ఉంటాయి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో స్త్రీలకూ, ఎస్సీ, ఎస్టీ, చిన్న సన్నకారు రైతులకూ యంత్రం ఖరీదులో 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా సబ్సిడీ పెట్టారు. ఆడవాళ్ళ పేరు మీద తీసుకుంటే లాభమని ఇంటివాళ్ళకు వెంటనే అర్థమైంది. కాగితం మీద పేరు ఆమెది, స్టీరింగు పట్టుకునేది అతను.

ఇలా కాకూడదని మేము కొన్ని సంఘాల్లో స్త్రీలకే నడపటం నేర్పించాం. గేర్లు, హైడ్రాలిక్కు, రివర్సు, ఏదీ వాళ్ళకు కష్టం కాలేదు. సీజను మొదలై పది రోజులయ్యేసరికి "నడుం పట్టేసిందక్కా", "మెడ తిరగటం లేదక్కా" అంటూ ఒక్కొక్కరే దిగిపోసాగారు. "ముందే చెప్పాం కదా, ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదని" అనటానికి ఊరు సిద్ధంగా ఉంది. ఆమె ఒళ్ళు బలహీనమని అందరూ అన్నారు గానీ సీటు సంగతేమిటని ఎవరూ అడగలేదు.

కారుకూ బస్సుకూ చక్రాల దగ్గర స్ప్రింగులుంటాయి. చిన్న ట్రాక్టరుకు మామూలుగా వెనక ఇరుసు దగ్గర అలాంటివేమీ ఉండవు. నేలకూ మనిషికీ మధ్య కుదుపును ఆపేవి రెండే: టైర్లలో గాలి, కింద సీటు. సెకనుకు 4 నుంచి 8 సార్లు కిందికీ పైకీ ఊపే కుదుపు మన మొండేనికి అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. ఏళ్ళ తరబడి అలా కుదిపితే వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు దెబ్బతింటాయి. వెనక కల్టివేటరు ఎలా సాగుతోందో చూడటానికి నడుం మెలితిప్పి కూర్చుంటే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ.

సీటులో స్పాంజి మెత్తగా ఉంటే చాలని అనుకుంటాం. మెత్తదనం వేరు, కుదుపు తగ్గటం వేరు. మరీ మెత్తటి స్పాంజి గట్టు దాటేటప్పుడు పూర్తిగా అణిగిపోయి అడుగు రేకు తగులుతుంది. కుదుపును నిజంగా తగ్గించేది సీటు కింద ఉండే స్ప్రింగు, దాని ఊగులాటను అదుపు చేసే షాక్ అబ్జార్బరు.

2002లో యూరపు దేశాలు ఎనిమిది గంటల పనిలో ఒళ్ళంతటికీ తగిలే కుదుపుకు హద్దులు పెట్టాయి. కుదుపును సెకను వర్గానికి మీటర్లలో కొలుస్తారు. అది 0.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 దాటనివ్వకూడదు. ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. కుదుపు సగానికి తగ్గితే, ఒంటి మీద అంతే భారంతో నాలుగు రెట్ల సేపు పని చేయవచ్చు. గంటల లెక్కన కిరాయి తీసుకునే సంఘానికి ఇది ఆరోగ్యమే కాదు, ఆదాయం కూడా.

మరి స్ప్రింగు ఉన్న సీటు కొంటే సరిపోతుందా? ఎవరి బరువుకు తగిన స్ప్రింగు అని అడగాలి. 1978లో యూరపులో ట్రాక్టరు సీట్ల పరీక్షకు నిబంధనలు చేసినప్పుడు ఇద్దరు డ్రైవర్లను కొలతగా తీసుకున్నారు. బరువైన డ్రైవరు 98 కిలోలు, తేలికైన డ్రైవరు 59 కిలోలు. ఇప్పుడు మన లెక్క చూడండి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ 2009లో ప్రచురించిన కొలతల ప్రకారం మన దేశంలో వ్యవసాయ పనులు చేసే స్త్రీ సగటు బరువు సుమారు 46 కిలోలు, ఎత్తు సుమారు 151 సెంటీమీటర్లు. పురుషుడి సగటు బరువు కూడా 55 కిలోల దగ్గరే. వాళ్ళ "తేలికైన" మనిషి మన మగవాళ్ళకన్నా బరువు! ఆ కొలతకు చేసిన స్ప్రింగు మన అమ్మాయి కూర్చుంటే అసలు కిందికే దిగదు. స్ప్రింగు ఉండీ లేనట్టే.

మా సంఘాల్లో ఒకచోట అదే జరిగింది. డబ్బు పోగుచేసి స్ప్రింగు సీటు తెచ్చుకున్నారు. నడిపే అమ్మాయి 44 కిలోలు, సీటు బరువు మీట 60 దగ్గర మొదలవుతుంది. దానికితోడు కొత్త సీటు పాతదానికన్నా జానెడు ఎత్తు. క్లచ్చి పూర్తిగా తొక్కాలంటే ఆమె సీటు అంచుకు జారవలసి వస్తోంది. వీపు వెనక ఆనటం లేదు. మరమ్మతు చేసే అతను "అలవాటైపోతుందిలేమ్మా" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ సీటు తిప్పి ఇచ్చేసి, 40 కిలోల నుంచి పనిచేసే, ఎత్తు తక్కువ సీటు వచ్చేదాకా పట్టుబట్టింది. ఆ సీజను చివరిదాకా ట్రాక్టరు నడిపింది కూడా.

మీ సంఘాల్లో చేయదగ్గ పనులు చెబుతాను, రాసుకోండి.

మొదట ఖర్చు లేనివి. టైర్లలో గాలి కంపెనీ పుస్తకంలో చెప్పినంతే ఉంచండి, అవసరాన్ని మించి గాలి కొట్టిస్తే కుదుపు పెరుగుతుంది. పాత సీటు కింద స్ప్రింగు విరిగిందేమో, రబ్బరు బుష్షులు అరిగిపోయాయేమో, బోల్టులు వదులయ్యాయేమో చూడండి. చాలాసార్లు వీటిని మార్చటంతోనే సగం బాధ తగ్గుతుంది.

కొత్త సీటు కొనాలంటే ముందు పాత సీటు బోల్టు రంధ్రాల మధ్య దూరం, సీటుకూ స్టీరింగుకూ మధ్య జాగా కొలిచి పట్టుకెళ్ళండి. నడిపే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆమె బరువు కన్నా తక్కువ అంకె ఆ మీట మీద ఉండాలి. ఆమె కూర్చున్నాక సీటు తన కదలికలో సగం దాకా దిగాలి. క్లచ్చి చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి, వీపు వెనక ఆనే ఉండాలి. అందకపోతే పెడలుకు బోల్టులతో బిగించే పొడిగింపు చేయించండి. చెక్కముక్కను తాడుతో కట్టవద్దు, అది జారితే బ్రేకు అందదు. బిగించేటప్పుడు గేరుబాక్సు పోత ఇనుము మీద వెల్డింగు పెట్టనివ్వవద్దు. ఇద్దరు ముగ్గురు నడుపుతుంటే ఒక్కొక్కరి బరువుకూ మీట మీద ఒక్కో రంగు చుక్క పెట్టుకోండి, ఎక్కిన ప్రతిసారీ తిప్పుకోవాలి.

ఒక హెచ్చరిక. ట్రాక్టరు బోల్తాపడినా మనిషిని కాపాడే ఇనుప చట్రం ఉంటే బెల్టు తప్పక పెట్టుకోండి. చట్రం లేని ట్రాక్టరులో బెల్టు కట్టుకోవద్దు, దూకే వీలుండదు.

నడుం నొప్పి అనగానే గర్భసంచి వైపు చూడటం మన దగ్గర అలవాటైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. నొప్పి అని వచ్చిన స్త్రీని ఏ పని చేస్తున్నావు, దేనిమీద కూర్చుంటున్నావు, ఎన్ని గంటలు అని మొదట అడిగే కార్యకర్త మనకు కావాలి. గర్భిణులకు హాని చేసేవాటిలో కుదుపునూ, అదుర్లనూ యూరపు 1992 లోనే చట్టంలో చేర్చింది. గర్భవతిగా ఉన్నన్నాళ్ళూ ఆమెను స్టీరింగు దింపి, లెక్కల పనో, కిరాయిల పనో అదే కూలికి ఇవ్వాలని సంఘం తీర్మానం చేసుకోవచ్చు. పని మార్చటం పేరుతో కూలి తగ్గించకూడదు.

నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపడితే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. తెగిన చెయ్యి అందరికీ కనిపిస్తుంది. అరిగిన వెన్నుపూస ఎవరికీ కనిపించదు, అది మనమే చెప్పాలి. సంఘం ట్రాక్టరు కొనేటప్పుడు రుణం అంచనాలో నాగలి, కల్టివేటరుతో పాటు సీటు ఖర్చు కూడా రాయించండి. అమ్మేవాళ్ళను ఇది ఎన్ని కిలోల నుంచి పనిచేస్తుందని అడగండి, జవాబు బిల్లు మీద రాయించుకోండి. సబ్సిడీ ఇచ్చే అధికారికి నడిపేది ఆమే అని చెప్పి, ఆమె కొలతకు తగిన యంత్రం అడగండి. ఆమె ఒళ్ళు యంత్రానికి సర్దుకోనక్కర్లేదు. యంత్రాన్నే ఆమెకు సరిచేయవచ్చు, దానికి ఒక రెంచీ, ఒక టేపు, అడిగే నోరు చాలు.