పొగను పాతిపెట్టు విద్య

1965 నవంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సనుకు ఆయన శాస్త్ర సలహా సంఘమువారు ఒక నివేదిక సమర్పించిరి. నీరు, గాలి, నేల చెడిపోవుటను గూర్చిన ఆ గ్రంథములో ఒక అనుబంధము గలదు. బొగ్గు, చమురు మండించుటవలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుచున్నదనియు, అందువలన భూమి వేడెక్కి ధ్రువములందలి మంచు కరుగవచ్చుననియు అందు వ్రాసిరి. మరి నివారణోపాయ మేమి? కాంతిని వెనుకకు మరలించు రేణువులను సముద్రముపై చల్లవచ్చునట! ఏటికి సుమారు 50 కోట్ల డాలర్లు వ్యయమగునట. బొగ్గును తక్కువ కాల్చుదమను మాట మాత్రము అచ్చట కానరాదు. ఇల్లు కురియుచుండగా కప్పు నేయుట మాని గిన్నెలు పరచుకొన్నట్లున్నదని మాకు తోచినది.

ఆ శాస్త్రజ్ఞులను మేము తప్పుపట్టము. వారు కనిపెట్టినది దాచలేదు. తరువాతి కథ అట్టిది కాదు. ఎక్సాన్ సంస్థలోని శాస్త్రవేత్తలే 1977 మొదలు ఈ ప్రమాదమును తమ యజమానులకు నివేదించుచు వచ్చిరి. వారి అంచనాలు చాలవరకు నిజమైనవని 2023లో సైన్సు పత్రికలో వెలువడిన పరిశీలన తేల్చినది. లోపల లెక్క ఇట్లుండగా, వెలుపల 1989లో చమురు, బొగ్గు, మోటారు పరిశ్రమలవారు గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అను కూటమిగా ఏర్పడి, శాస్త్రము ఇంకను తేలలేదని చాటింపు వేసిరి. 1995లో ఆ కూటమి నిపుణులే, ఆ శాస్త్రపు మూలము కాదనరానిదని తమలో తాము వ్రాసికొనిరి. ఆ కాగితము 2009లో పత్రికల కెక్కినది.

1997లో సెనేటు, మనవంటి దేశములకు కట్టుబాట్లు లేని ఒడంబడిక తమకు వలదని 95–0 ఓట్లతో తీర్మానించినది. సాకు మనము, లాభము మరియొకరిది. 2001 మార్చిలో బుష్ ప్రభుత్వము క్యోటో ఒడంబడికను త్రోసిపుచ్చెను. ఆ జూన్‌లో కూటమి ప్రతినిధులతో మాటలాడబోవు విదేశాంగశాఖ అధికారిణికి సిద్ధపరచిన చీటీలో, అధ్యక్షుని నిరాకరణకు మీ సలహాయు నొక కారణమని వారికి చెప్పవలెనని వ్రాసియున్నది. ప్రభుత్వము ప్రజల ఎదుట చెప్పు కారణములు వేరు, చీటీలలో వ్రాసికొను కారణములు వేరు.

కాదనుట సాగని కాలము రాగా, ఉపాయముల కాలము వచ్చినది. పొగలోని బొగ్గుపులుసు వాయువును ద్రావకముతో పట్టి, వేడిచేసి విడదీసి, అదిమి, భూగర్భమునకు పంపుట వానిలో ముఖ్యమైనది. విద్య బూటకము కాదు. నార్వే ప్రభుత్వము 1991లో సముద్రపు చమురు క్షేత్రముల నుండి వెలువడు ఈ వాయువుపై పన్ను విధించెను. 1996 నుండి స్లైప్నర్ క్షేత్రమువారు ఏటికి పది లక్షల టన్నులకు దగ్గరగా సముద్రగర్భపు ఇసుకరాతి పొరలలోనికి పంపిరి. పన్ను చెల్లించుటకంటె పాతిపెట్టుటయే చౌక యైనది.

ఇక టెక్సాసు సంగతి. హ్యూస్టన్ చేరువ నొక బొగ్గు విద్యుత్కేంద్రమునకు 2017లో పెట్రా నోవా అను పొగపట్టు యంత్రాగారమును తగిలించిరి. వ్యయము సుమారు 100 కోట్ల డాలర్లు; అందు ప్రభుత్వ విరాళము దాదాపు 19 కోట్లు. పట్టిన వాయువును గొట్టములద్వారా ఒక పాత చమురు క్షేత్రమునకు పంపి, అడుగున చిక్కుకొన్న చమురును పైకి నెట్టించిరి. ఆ చమురు మరల మండునుగదా! పొగపట్టుటకు వలయు ఆవిరికి, విద్యుత్తునకు వేరుగా నొక సహజవాయు యంత్రమును నిలిపిరి. దాని పొగను పట్టువారు లేరు. 2020 మేలో, చమురు ధర పడిపోయిన తరుణమున, పని నిలిపివేసిరి. గాలి వేడి అప్పుడేమియు తగ్గలేదు. 2023లో మరల ఆరంభించిరి.

2022 నాటి చట్టము, వాయువును ఊరక పాతిపెట్టినవారికి టన్నుకు 85 డాలర్ల పన్ను రాయితీయు, దానితో చమురు తీసినవారికి 60 డాలర్లును నిర్ణయించినది. ఆ మాత్రపు భేదము మాకు న్యాయముగానే కనబడినది. 2025 జూలైలో చేసిన చట్టము, కొత్తగా నెలకొల్పు కేంద్రములకు ఆ భేదమును తుడిచివేసి, రెండు పనులకును 85 డాలర్లే చేసినది.