తల్లి పేరిట గోపురము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు పండితులను, కవులను స్మరించుట ఆచారము. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకై జీవితము ధారవోసిన అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటివారి పేరు ఇట్టి సభలలో మొదట వినబడుట న్యాయము కూడను. అయితే పుస్తకములకు ఇల్లు కావలెను; ఇంటికి ధనము కావలెను. ఆ ధనమిచ్చినవాడు ఒక్కొక్కప్పుడు పండితుడు గాడు, కవి గాడు. బజారులో బేరములాడి బ్రతికిన దళారి. అట్టి దళారి యొకని చరిత్ర నేటి ప్రసంగ విషయము. ఆయన పేరు ప్రేమచంద్ రాయచంద్.

ముంబయి పోయి వచ్చినవారు అక్కడి విశ్వవిద్యాలయము ప్రక్కన నిలిచియున్న పెద్ద గడియారపు గోపురమును చూచియే యుందురు. దానిని రాజాబాయి గోపురమందురు. ఎత్తు 280 అడుగులు. క్రింది భాగము విశ్వవిద్యాలయ గ్రంథాలయము, పై భాగము గడియారము. పశ్చిమ భారతదేశపు నానాజాతుల జనుల రూపములు రాతిలో చెక్కి గోపురము మీద నిలిపినారు. రాజాబాయి రాణి గాదు, దొరసాని గాదు. ఒక జైన వర్తకుని భార్య, ప్రేమచందునకు తల్లి.

ప్రేమచంద్ 1831లో సూరతు నగరమున జన్మించెను. తండ్రి రాయచంద్ దీప్‌చంద్. కుటుంబము బ్రతుకు తెరువునకై బొంబాయి చేరినది. అక్కడ బాలునకు ఇంగ్లీషు చదువు అబ్బినది. ఆ దినములలో దేశీయులైన దళారులలో ఇంగ్లీషు చదువను, వ్రాయను, మాటలాడను నేర్చిన మొదటివాడు ఈతడేయని ప్రసిద్ధి. దొరల బ్యాంకులకును గుజరాతీ వర్తకులకును నడుమ నిలిచి ఇరువురితోను వారి వారి భాషలో మాటలాడగలవాడు అప్పుడు వేఱొకడు లేడు. ఆయన ఎదుగుదలకు ఇదియే మొదటి మెట్టు. జ్ఞాపకశక్తియు అసాధారణమైనదట. రోజంతయు చేసిన బేరములను కాగితము మీద పెట్టకుండనే మనస్సున నిలుపుకొనెడివాడని చెప్పుకొందురు.

ఆ రోజులలో వాటాల వ్యాపారమునకు భవనము లేదు. బొంబాయి టౌనుహాలు ఎదుటనున్న మఱ్ఱిచెట్ల నీడలో దళారులు గుమికూడెడివారు. పల్లెలలో రచ్చబండ యెట్లో వారికి ఆ చెట్టునీడ యట్లు. 1860 నాటికి వారు సుమారు అఱువదిమంది. వారందఱకు ముప్పది యేండ్లు నిండని ప్రేమచందే నాయకుడు.

వాటా యనగా నేమో ఎఱుగనివారు ఈ సభలో ఒకరిద్దరు ఉండవచ్చును. ఊరిలో పదిమంది కలసి తలా వేయి రూపాయలు వేసి బియ్యపుమర పెట్టినారనుకొనుడు. ప్రతివానికిని ఒక వాటా కలదు. మర బాగుగా ఆడి లాభము వచ్చినచో, ఆ వేయి రూపాయల వాటాను పొరుగువాడు పదునైదువందలకు అడుగును. మర మూతపడినచో వందకైనను అడుగువాడుండడు. ఇంతవఱకు ధర్మమైన వ్యాపారమే. చిక్కెక్కడ వచ్చుననగా, మర ఇంకను కట్టకముందే, ఇటుక పేర్చకముందే, “రేపు ధర పెరుగును” అను ఆశ మాత్రముతో వాటాను చేతులు మార్చునప్పుడు వచ్చును. చేతిలో రొక్కము లేకున్నను ఫలానా తేదీకి ఫలానా ధరకు కొందునని మాట యిచ్చుట మరియొక చిక్కు. దానిని వాయిదా బేరమందురు. బొంబాయి నగరము ఈ రెండు చిక్కులలోను ఏకకాలమున పడినది.

కారణము ఎక్కడనో అమెరికాలో కలదు. 1861లో ఆ దేశపు ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము ప్రారంభమైనది. దక్షిణ రాష్ట్రములు ప్రత్తికి పుట్టినిల్లు. ఇంగ్లండు నూలు మిల్లులకు కావలసిన ప్రత్తిలో అధిక భాగము అక్కడినుండియే పోవుచుండెను. ఉత్తరమువారి యుద్ధనౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధము చేసినవి. మిల్లులు ఆకలిగొన్నవి. ఇంగ్లండు చూపు హిందూదేశపు ప్రత్తి మీద పడినది. గుంటూరు ప్రాంతపు ప్రత్తి కాకినాడ రేవునుండి ఓడలెక్కి పోయినది ఈ గిరాకీ వలననే. కాని అసలు వాన కురిసినది బొంబాయి మీద. ఆ నాలుగైదేండ్లలో ఆ నగరమునకు మామూలుకంటె అధికముగా వచ్చిపడిన ధనము ఎనిమిది కోట్ల పౌనుల వఱకు ఉండునని అంచనా. పరుపులు విప్పి, అందలి పాత ప్రత్తిని సైతము సంతకు తెచ్చి అమ్ముకొన్నారని కథలుగా చెప్పుదురు.

సముద్రపు తంతి ఇంకను రాని కాలమది. ఇంగ్లండు ధరలు తపాలా ఓడలో రావలెను. ఓడ రేవు చేరకమునుపే ప్రేమచంద్ చిన్న పడవలను ఎదురు పంపి వార్త తెప్పించుకొనెడివాడట. ఒక గంట ముందు తెలిసిన ధరకు ఎంత విలువయో వర్తకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

వచ్చిన ధనము పొలములలోనికి, మగ్గములలోనికి పోలేదు. కొత్త బ్యాంకులు, కొత్త కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. సముద్రమును పూడ్చి భూమి చేయుదుమను బ్యాక్‌బే కంపెనీ వాటా అయిదువేల రూపాయలది ఏబదివేలవఱకు పలికినది. పూడ్చవలసిన సముద్రము సముద్రముగనే యుండెను! ఈ కంపెనీలలో పెక్కింటికి ప్రేమచందే సూత్రధారి. వాటా కావలెనన్నను, అప్పు కావలెనన్నను ఆయన వాకిట నిలువవలసినదే. గుమాస్తాలు, వైద్యులు, ప్లీడర్లు, దొరలు, అందఱును నిలిచినారు.

ఆ శిఖరము మీదనున్నప్పుడే, 1864లో, ఆయన బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కట్టుటకై రెండు లక్షల రూపాయలిచ్చెను. విశ్వవిద్యాలయము పుట్టి అప్పటికి ఏడేండ్లు మాత్రమే. సొంత పుస్తకశాల లేదు. తరువాత కొలది కాలమునకే మరియొక రెండు లక్షలు, గడియారపు గోపురము కొఱకు. గోపురమునకు తన తల్లి రాజాబాయి పేరు పెట్టవలెనని కోరెను. తన పేరు అడుగలేదు. ఆ కాలపు దాతలలో బిరుదములకై, గవర్నరు విందులకై ఇచ్చినవారు కొల్లలు. ఈయనయు లోకరీతికి బొత్తిగా అతీతుడని చెప్పజాలము. కాని నాలుగు లక్షలు పోసి నగరమంతటికి కనబడు కట్టడము మీద ఇల్లాలు పేరు, అమ్మ పేరు వ్రాయించినవాడు ఆ దినములలో అరుదు.

1865 ఏప్రిలులో అమెరికా యుద్ధము ముగిసినది. ప్రత్తి ధర కూలినది. వాయిదా బేరములన్నిటికి 1865 జులై 1వ తేదీ గడువు. ఆ దినమున కొందునన్నవానివద్ద రొక్కము లేదు, అమ్మెదనన్నవానికి నమ్మకము లేదు. ఒకని పతనము మరియొకని మీద, వాని పతనము వేఱొకని మీద. 2850 రూపాయలు పలికిన బొంబాయి బ్యాంకు వాటా తుదకు 87 రూపాయలకు దిగినది. విధవలు దాచుకొన్న సొమ్ము, ఉద్యోగులు కూడబెట్టిన సొమ్ము ఒక్క వేసవిలో మాయమైనది. ప్రేమచందును ఆ వఱదలోనే మునిగెను.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. స్మారక ప్రసంగములలో దాతల దోషములను దాటవేయుట అలవాటు. బొంబాయి బ్యాంకు కూలిన పిమ్మట 1868లో విచారణ సంఘము కూర్చున్నది. బ్యాంకు అప్పులిచ్చు విషయమున ప్రేమచందు మాట మితిమీరి చెల్లినదనియు, చాలిన పూచీ లేకుండ ఆయనకును ఆయన మనుష్యులకును సొమ్ము పోయినదనియు అందులో వెల్లడియైనది. నష్టపడిన కుటుంబములవారు ఆయనను దీవించియుండరు. పిచ్చి ఆయన యొక్కనిది కాదు, నగరమంతటిది, అది నిజమే. అయినను పిచ్చిగుంపునకు ముందు నడచినవానికి వెనుక నడచినవానికంటె బాధ్యత ఎక్కువ. దానము చేసినాడు గనుక ఆ లెక్క చెల్లిపోయినదనుట ధర్మము కాదు. ఆ లెక్క వేఱు, ఈ లెక్క వేఱు. రెండును ఆయన పేరుననే యున్నవి.

అట్లయిన ఆయనను ఏల తలచుకొనవలెనని కొందఱు అడుగవచ్చును. సమాధానము ఆయన జీవితపు రెండవ భాగములో కొంత దొరకును. పతనమైన నాటికి ఆయన వయస్సు ముప్పదినాలుగు. ఊరు విడిచి పోలేదు. ఏ బజారులో తల వంగినదో ఆ బజారులోనే మరల చిన్న బేరములనుండి మొదలు పెట్టెను. మునుపటి ఐశ్వర్యము రాలేదు గాని మునుపటి పిచ్చియు రాలేదు. 1875లో దళారులందఱు ఒక కట్టుబాటునకు లోబడి దేశీయ వాటాల దళారుల సంఘము నేర్పఱచుకొన్నప్పుడు దాని స్థాపకులలో ఆయన యొకడు. నేడు దలాల్ వీధిలో నున్న బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి ఆ సంఘమునుండి పెరిగినదే. మఱ్ఱిచెట్టు క్రింద మాట మీద సాగిన వ్యాపారమునకు నియమములు కావలెనని, కాలినచేతివానికంటె బాగుగా ఎఱిగినవాడెవడు?

ఆయన కుమారులు, మనుమలు ఆ వృత్తియందే నిలిచినారు. ఇంటి పెద్దగా ఆయన మిగిల్చినది కోటలు కాదు, బజారులో మరల నిలిచిన పేరు.

దానములలో ఒకటి ముఖ్యముగ చెప్పదగినది. కలకత్తా విశ్వవిద్యాలయమునకు ఆయన రెండు లక్షల రూపాయలిచ్చెను. బొంబాయి గుజరాతీ వర్తకునకు వంగదేశములో చుట్టములు లేరు, చదువుకొను పిల్లలు లేరు. ఆ సొమ్ముతో 1866లో ప్రేమచంద్ రాయచంద్ విద్యార్థి వేతనము ఏర్పడినది. అది పొందినవాడు తన పేరు చివర పి. ఆర్. ఎస్. అను మూడక్షరములు వ్రాసికొనుట గౌరవముగా భావించెడివాడు. అశుతోష్ ముఖర్జీ 1886లో దానిని పొందెను. ఔరంగజేబు చరిత్రకారుడని ప్రసిద్ధి కెక్కిన జదునాథ్ సర్కారు 1897లో పొందెను. ఔరంగజేబు కాలపు హిందూదేశమును గూర్చి ఆయన ప్రకటించిన తొలి గ్రంథమునకు ఈ వేతనము కొఱకు చేసిన పరిశోధనయే మూలము.

అశుతోష్ ముఖర్జీ తరువాత కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడై, 1921లో సర్వేపల్లి రాధాకృష్ణగారిని తత్త్వశాస్త్రాచార్యులుగా అక్కడికి రప్పించెను. ఆ రాధాకృష్ణగారే 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా వచ్చిరి. ప్రత్తి దళారి చేతినుండి జారిన రూపాయి ఏయే ఇండ్ల గడపలు దాటినదో చూడుడు. దానినెవ్వరును లెక్కవేసి యుండరు. ఇచ్చినవాడు అసలే వేసియుండడు.

తల్లి పేరు గోపురమునకు పెట్టినట్లే తండ్రి పేరు గ్రంథాలయమునకు పెట్టినాడు. భరూచి పట్టణములో రాయచంద్ దీప్‌చంద్ గ్రంథాలయము కలదు. అహమ్మదాబాదులో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలకును ఆయన ద్రవ్యసహాయము చేసెను. ఇంకను బడులు, ధర్మశాలలు కలవు. వాని పట్టిక చదివిన ఈ సభకు పొద్దుగూకును.

మరల గోపురము కడకు వత్తము. దాని నమూనా గీచినవాడు జార్జి గిల్బర్టు స్కాటు అను ఇంగ్లీషు శిల్పి. ఆయన బొంబాయిని కన్నులతో చూడనే లేదు, ఇంగ్లండులో కూర్చుండియే గీచి పంపెను. 1869 మార్చి 1వ తేదీన శంకుస్థాపన జరిగినది. అప్పటికి దాత దివాలా తీసియుండెను. ఒక్కసారి ఆ దృశ్యము తలచుకొనుడు. ఆయన పుట్టించిన బ్యాంకులు లేవు, కంపెనీలు లేవు, ఏబదివేలు పలికిన కాగితములు లేవు. ఆ కాగితములు పలికిన కాలమున విశ్వవిద్యాలయము చేతిలో పెట్టిన సొమ్ము మాత్రము రాయిగా మారి ఏటికేడు పైకి లేచుచున్నది. 1878 నవంబరునకు పూర్తియైనది. మొత్తము సుమారు అయిదున్నర లక్షలు వ్యయమైనదందురు. ప్రతిదినము బజారునకు పోవుచు వచ్చుచు ప్రేమచంద్ దానిని చూచియే యుండును.

రాజాబాయికి చూపు లేదనియు, సూర్యాస్తమయము తరువాత భుజింపరాదను జైన నియమమును ఆమె తప్పక పాటించెడిదనియు, ఎవరిని అడుగకుండ వేళ తెలియుటకై కొడుకు ఆ గంటలు కట్టించెననియు ముంబయిలో చెప్పుకొందురు. ఇది జనశ్రుతి. దాతగా ఆయన కోరినది తల్లి పేరు నిలుపుమనుట మాత్రమే. కాని ఆ నగరపు జనులు, తమలో ఎందఱినో ముంచిన వ్యాపారములో ముందు నడచిన మనుష్యుని గూర్చి, ఇన్ని కథలలో ఈ కథనే ఎన్నుకొని తరతరములుగ చెప్పుకొనుచున్నారు.

ప్రేమచంద్ 1906లో గతించెను. గోపురము శిథిలము కాసాగగా మరమ్మతు చేసి 2015లో మరల తీర్చిదిద్దినారు. 2018లో అది ముంబయిలోని తక్కిన పాత కట్టడములతోపాటు ప్రపంచ వారసత్వ సంపదలో చేరినది. గోపురమున గంట మ్రోగుచున్నది. క్రింద గ్రంథాలయమున పిల్లలు చదువుకొనుచున్నారు.