నక్కవేటకు పిలుపు

(సూరతులో మన సంఘపు ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



సాహిత్యమును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను మాత్రము రెండు నెలలుగా నన్ను నిద్రపోనీయని ఒక సొంత సమస్యను మీ ముందుంచుచున్నాను. సచివాలయపు ఫైళ్ళ నడుమ నలుబదియారేండ్లు నిండిన మనిషి గుఱ్ఱమెక్కి వేటకుక్కల వెంట పరుగెత్తవచ్చునా?

నా కళాశాల మిత్రుడొకడు సైన్యములో కర్నలు. నీలగిరులలో అతని యింట నాలుగు రోజులుంటిని. 1947 నుండి సైనికాధికారుల స్టాఫ్ కాలేజి ఉన్న వెల్లింగ్టను, దానికి సమీపముననే ఉదకమండలము, ఊరికి పడమట వెన్‌లాక్ డౌన్సు అను పచ్చికబయళ్ళు. 1891 నుండి 1896 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన వెన్‌లాక్ ప్రభువు పేరు వానికి నిలిచినది. అంతకుముందే తరతరములుగా తోడాలు అక్కడ గేదెలను మేపిన సంగతి పేరులో లేదు. ఇంగ్లండులోని ఫాక్సు ఆ కొండలలో లేదు. అందుచేత ఊటీ హంటు దొరలు మన నక్కకే ఆ గౌరవము కట్టబెట్టి, ఎఱ్ఱకోట్లు తొడిగి తరిమిరి.

“వచ్చే ఏడు మాతో స్వారికి రావోయ్” అని మిత్రుడు పిలిచెను.

మొదట అడ్డువచ్చినది నక్కయే. మా ఊరి చెఱకుతోటలలో రాత్రులు నక్కల కూతలు వినుచు పెరిగినవాడను. అదృష్టవంతుని చూచి నక్కతోక తొక్కివచ్చినాడందుము; తోక తొక్కించుకొన్న నక్క సంగతి ఎవరును అడుగరు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నేడు నక్కకును రక్షణ నిచ్చుచున్నది. ఇంగ్లండులోనే కుక్కలచే నక్కను వేటాడించుట 2004 నాటి చట్టముచే నిషిద్ధమై, 2005 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది. ప్రాణిని చంపని పద్ధతియు పాతదే: వాసనద్రవ్యములో తడిపిన గుడ్డను ఒకడు ముందుగా నేలపై ఈడ్చుకొనిపోవును, కుక్కలు ఆ జాడను పట్టును, గుఱ్ఱములు వెనుక పరుగెత్తును. అటువంటి స్వారియైన సరే, లేనిచో రానని స్పష్టముగా చెప్పితిని. మిత్రుడు నవ్వి, “నీ కోరిక చట్టమే తీర్చినదిలే” అనెను.

తరువాతిది అభిమానప్రశ్న. దొరల వేషము మనకేల? ఇక్కడ నాకు సూరతే సమాధానము చెప్పినది. 1615లో సర్ థామస్ రో మన సువాలి రేవున దిగి జహంగీరు కొలువునకు పోయెను. పాదుషా ఆయనను ఇంగ్లీషు గుఱ్ఱమొకటి కావలెనని పలుమారులడిగెను. తుపానుల సముద్రములో బ్రతుకదని రో చెప్పగా, ఓడలో ఆరింటిని వేసిన ఒకటైన బ్రతుకునుగదా, చిక్కి వచ్చినను మేపుకొందుమనెనట! అంతటి పాదుషాకు లేని సంకోచము నాకెందుకు? గుఱ్ఱముపై మోజు ఏ ఒక్క జాతి సొత్తును కాదు.

ఇక మిగిలినది ఒళ్ళు. ఇరువది రెండేండ్ల క్రితము శిక్షణకాలమున ముస్సోరీలో కొన్ని వారములు గుఱ్ఱమెక్కితిని, రెండుమారులు పడితిని. అప్పుడు లేచుట సులభము. నీలగిరి బయళ్ళు చూపునకు మెత్తనివే గాని, దిన్నెల నడుమ లోయలలో పచ్చిక మాటున బురదనేలలుండును. పైనుండి దిగివచ్చు గుఱ్ఱము కాలు అందులో కూరుకొన్నచో స్వారి ముందునకు ఎగిరిపడుట తప్పదు. పిల్లవాడింకను ఇంజనీరింగు రెండవ సంవత్సరము. ఇంటి అప్పు సగము కూడ తీరలేదు. ఈ లెక్క చెప్పుటకు కర్నలు అవసరము లేదు.

మా ఇంటావిడను అడిగితిని. “ఇక్కడ పెండ్లికొడుకునెక్కించు గుఱ్ఱమున్నదిగదా, ముందు దానిపై మన వీధి చివరదాక పోయి రండి” అనినది. హాస్యమునకే అనినను, ఆ మాటలో పనికివచ్చు సలహా యున్నది.

కావున నిన్ననే మిత్రునికి ఉత్తరము వ్రాసితిని. పది దినములు ముందుగా వచ్చి, శిక్షకుని యెదుట కంచెలోపలనే ఉదయము సాయంత్రము ఎక్కి దిగెదను. శిక్షకుడు తగునన్నచో బృందమునకు అందరికన్న వెనుక, దూకవలసిన చోట్ల చుట్టు తిరిగి వచ్చెదను. తగదన్నచో దిన్నెమీద నిలిచి చూచెదను; ఫ్లాస్కులో కాఫీ మా ఆవిడయే తెచ్చునట.

ప్రత్యుత్తరమింకను రాలేదు.