స్లాబు మీద కంతలు మూశాకే పని

(సమాఖ్య వార్షిక సమావేశంలో ఒక సంఘ నాయకురాలి ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను పనిచోటు గురించి చెప్తాను. మా సంఘంలో పది మందిమి ఉంటే ఆరుగురం ఇళ్ల కట్టుబడి పనికి పోయేవాళ్లమే. తట్టలు మోసేది, ఇటుక అందించేది, స్లాబు తడిపేది మనమే.

పడటం అంటే పరంజా మీద నుంచో, గోడ అంచు నుంచో అనుకుంటాం. కానీ మనం నడిచే నేలలోనే కంతలు ఉంటాయి. లిఫ్టుకి వదిలింది, మెట్లకి వదిలింది, బాత్రూం పైపుల డక్టు, కింద సంపు. డక్టు రెండడుగులే కదా, మనిషి పట్టదులే అనుకుంటాం. పడితే ఆగేది అడుగునే. నెత్తిన తట్ట ఉంటే కాళ్ల దగ్గర ఏముందో కనపడదు. లైటు లేని గదిలో అసలే తెలీదు.

ఊరికే మూత పెడితే కూడా చాలదు. పోయిన ఏడాది మా పేటలో ఒక చెల్లెలు, చెక్క పట్టుకురమ్మంటే నేల మీదున్న ప్లైవుడ్ షీటు రెండు చేతులా ఎత్తింది. షీటు ముఖానికి అడ్డం వచ్చింది. ఒక్క అడుగు ముందుకేసింది. షీటు కిందే డక్టు. కింది అంతస్తులో ఇసుక ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. ఐదు నెలలు మంచంలోనే ఉంది. లోను వాయిదా మేం తలా కొంచెం వేసి కట్టాం. "దాని మీద రాసి ఉంటే ముట్టుకునేదాన్నే కాదక్కా" అంది.

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, మూత గట్టిదై ఉండాలి. మనిషి బరువు, మోసే బరువు కలిపి ఎంతో దానికి రెండింతలు ఆపాలి. పుచ్చిన చెక్క పనికిరాదు.

రెండు, మూత కదలకూడదు. స్లాబుకి మేకులు కొట్టాలి, లేకపోతే కంతలోకి బిగుసుకునేలా అడుగున చెక్క ముక్కలు కొట్టాలి.

మూడు, మీద ఎర్ర రంగుతో 'కంత ఉంది, ఎత్తొద్దు' అని రాయాలి. చదువు రానివాళ్ల కోసం పెద్ద ఇంటూ గుర్తు వేయాలి. పైపుల పనికి మూత తీసినవాళ్లే మళ్లీ వేసి పోవాలి.

నాలుగు, లిఫ్టు, మెట్ల కంతల చుట్టూ నడుమెత్తున ఒకటి, మోకాలెత్తున ఒకటి గట్టి కర్రలు కట్టాలి. రిబ్బను కడితే మనిషిని ఆపదు.

"అడిగితే మేస్త్రీ రేపటి నుంచి రావద్దంటాడు" అని మీరంటారు. ఒక్కరే అడిగితే అంటాడు. జట్టంతా కలిసి అడిగితే చెక్కలు, మేకులు అవే వస్తాయి. మా జట్టు తట్ట ఎత్తేముందు అంతస్తంతా ఒకసారి తిరిగి చూస్తుంది. ఐదు నిమిషాల పని. మనం అడిగేది దయ కాదు. 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. పనిచోట భద్రత చూడాల్సింది పని చేయించేవాళ్లే. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. కార్డు లేనివాళ్లు ఈ నెలలోనే రాయించుకోండి.

మనలో లోను తీసుకుని ఇల్లు కట్టుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ పని చేయించేది మనమే. మన సంపుకి, మన మెట్ల కంతకి మూత లేకపోతే పడేది ఇంకో సంఘం చెల్లెలు, కాదంటే మన పిల్లలే.

సమాఖ్యను రెండు కోరుతున్నాను. ఇంటి లోను ఇచ్చేటప్పుడు కంతలకు మూతలు వేయిస్తామని తీర్మానంలో రాయించండి. నెల నెలా సమావేశంలో, ఎవరి పనిచోట ఏ కంత తెరిచి ఉందో అడిగి పుస్తకంలో ఎక్కించండి. అలా ఎక్కిస్తే వెళ్లి మూయించడానికి నలుగురం కదులుతాం.