రక్తపు చుక్కలో రోగాన్ని చూసే డాక్టరు



పోయిన వారం మన కేంద్రానికి ఒక అక్క రక్తపరీక్ష కాగితం తెచ్చింది. "సూది గుచ్చి రక్తం తీసుకుపోయారు. దాన్ని చూసిందెవరు? ఆ డాక్టరు మనకు కనపడడేం?" అని అడిగింది. మంచి మాట అడిగింది.

రక్తాన్ని, కోసి తీసిన గడ్డ ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి ఇది ఫలానా రోగం అని తేల్చే డాక్టరును పెథాలజిస్టు అంటారు. అలాంటి ఒకాయన సంగతి చెప్తాను.

పేరు విలియం వెల్చ్. అమెరికాలో 1850లో పుట్టాడు. పసిగుడ్డుగా ఉండగానే తల్లి పోయింది. తండ్రి వైద్యుడు. కొడుకు మాత్రం ముందు బడిపంతులయ్యాడు, నాలాగే! తర్వాత వైద్యం చదివాడు. జర్మనీ వెళ్ళి ఈ విద్య నేర్చుకున్నాడు. 1878లో తిరిగొచ్చి న్యూయార్కులో మూడు గదుల్లో వంటింటి బల్లలు వేసుకుని నేర్పడం మొదలుపెట్టాడు.

1884లో బాల్టిమోర్ ఊరిలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఆయన్ని పిలిచింది. 1889లో ఆసుపత్రి తెరిచారు. వైద్య కళాశాల పెట్టడానికి మాత్రం డబ్బు చాలలేదు. రైలు కంపెనీ వాటాల మీద రావలసిన సొమ్ము ఆగిపోయింది.

అప్పుడు ఎవరు ముందుకొచ్చారో తెలుసా? ఆడవాళ్ళు! మేరీ గారెట్, ఆమె స్నేహితురాళ్ళు కలిసి చందాలు పోగుచేశారు. గారెట్ ఒక్కతే 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళనూ చేర్చుకోవాలని షరతు పెట్టింది. చేరేవాళ్ళకు డిగ్రీ చదువు ఉండాలనీ పట్టుబట్టింది. "మనం పంతుళ్ళుగా వచ్చాం కాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా వస్తే మనకే సీటు దొరికేది కాదు" అని ఆస్లర్ అనే తోటి డాక్టరు వెల్చ్‌తో నవ్వులాడాడట.

1893లో కళాశాల తెరిచారు. వెల్చ్ మొదటి డీన్ అయ్యాడు. డీన్ అంటే వైద్య కళాశాలకు పెద్ద. మొదటి ఏడు చేరింది 18 మంది. అందులో ముగ్గురు ఆడవాళ్ళు.

అంతకు ముందే, 1892లో, పుండు కుళ్ళి కండలో గాలి బుడగలు కట్టే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి గురించి వెల్చ్, నట్టాల్ అనే ఇంకొకాయన కలిసి లోకానికి చెప్పారు.

ఆ కళాశాలలోనే చదివిన ఫ్లోరెన్స్ సాబిన్ 1917లో అక్కడే ప్రొఫెసర్ అయింది. అక్కడ ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమే.

మన అక్క తెచ్చిన కాగితం అడుగున ఒక సంతకం ఉంది. సంతకం కింద పేరు. అక్క వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆడమనిషి పేరే!