సెలవులో జీతం



మొన్న బేగం బజార్ గిన్నెల కొట్ల దగ్గర పాత మిత్రుని కుమారుడు కలిశాడు. ప్రొఫెసరు. "బాబాయ్, ఏడాది సబ్బాటికల్ మంజూరైంది. ప్రైవేటు కాలేజీవారు నెల జీతానికి రమ్మంటున్నారు" అన్నాడు.

వద్దు నాయనా అన్నాను. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఈ సెలవులో పూర్తి జీతం వస్తుంది. మరోచోట రెగ్యులర్ ఉద్యోగం మాత్రం కూడదు, స్వదేశంలోనైనా, విదేశంలోనైనా. ఫెలోషిప్పో, గౌరవ వేతనంపై తాత్కాలిక బోధనో, పరిశోధనో అయితే అనుమతించవచ్చు. అప్పుడు జీతం తగ్గించి సెలవివ్వడం విశ్వవిద్యాలయం ఇష్టం.

"నగదే ఇస్తారట, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఆడిట్ పేరా ఎలా పుడుతుందో మనకు తెలియనిదా! నా సర్వీసులో ఇలాగే రెండుచోట్లా జీతం తీసుకున్న ఒకాయన గ్రాట్యుటీ ఆగింది. ఆ నోటు రాసింది నేనే. ఆయన భార్య నా సీటు ముందు నిలబడ్డ రోజు మరువలేను.

అబ్బాయి ఇంకా ఫోన్ చేయలేదు.